వేళ్ళలో వండుకునే ఎరువు

*యూరియా కోసం రైతులు వరుస కట్టిన రాష్ట్రంలో, గాలి నుంచే నత్రజని తెచ్చుకునే పైర్ల కథ*

జూన్‌లో రెండు మంచి వానలు పడితే చాలు, హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీద రాళ్ళ సందులన్నీ పచ్చబడతాయి. పిడికెడు మట్టి నిలిచిన చోటల్లా గడ్డి, ఆ గడ్డి మధ్య ఊదారంగు పూల వెంపలి మొక్కలు లేస్తాయి. కింద నానక్‌రాంగూడ వైపు అద్దాల మేడలు, రాయదుర్గం వైపు వాహనాల రద్దీ. ఉదయం నడకకు వచ్చేవాళ్ళు, బండలెక్కడం నేర్చుకునే కుర్రాళ్ళు వెంపలిని తొక్కుకుంటూ వెళ్ళిపోతారు. మట్టి తడిగా ఉన్నప్పుడు ఒక మొక్కను మెల్లగా పెకలిస్తే దాని వేళ్ళకు ఆవగింజంత, పెసరగింజంత బుడిపెలు వేలాడుతుంటాయి. గోటితో గిల్లితే లోపల లేత ఎరుపు. ఈ గుట్టకు ఎవరూ ఎరువు వెయ్యలేదు. గ్రానైట్‌లో నత్రజని లేనట్టే లెక్క. మొక్కకు కావలసింది ఆ బుడిపెల్లోనే, గాలి నుంచే తయారవుతుంది.

2025 ఆగస్టులో ఇదే రాష్ట్రంలోని సొసైటీ గోదాముల ముందు తెల్లవారకముందే వరుసలు మొదలయ్యాయి. నిలబడలేనివాళ్ళు తమ వంతుకు గుర్తుగా చెప్పులు పెట్టారు, పాసుపుస్తకాల జిరాక్సులు పెట్టి వాటి మీద రాయి పెట్టారు. వానలో గొడుగు పట్టుకుని, చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. లారీ వచ్చిన చోట ఒకటి రెండు బస్తాలతో సరిపెట్టుకోమన్నారు. నాటు వేసిన వరి యూరియా కోసం ఎక్కువ రోజులు ఆగదు. పిలకలు వేసే సమయంలో నత్రజని అందకపోతే ఆకు పాలిపోతుంది, గింజ తగ్గుతుంది, ఆ నష్టం తరువాత పూడదు.

గాలిలో 78 శాతం నత్రజనే. వరి చేను మీద వీచే గాలిలోనూ అంతే ఉంటుంది. వెంపలికి అందేది వరికి ఎందుకు అందదన్న ప్రశ్న వ్యవసాయ శాస్త్రంలో నూటముప్పై ఏళ్ళుగా నలుగుతోంది. జవాబులో కొంత భాగం హైదరాబాద్ చుట్టుపక్కల పొలాల్లోనే దొరికింది. మిగతా భాగం కోసం ప్రపంచంలోని ప్రయోగశాలలు పోటీపడుతున్నాయి.

రామగుండంలో జరిగే పని

గాలిలోని నత్రజని జంట అణువులుగా ఉంటుంది. ఆ రెంటినీ కలిపే మూడు బంధాలను తెంచడం చాలా కష్టం. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో దాన్ని సాధించి చూపాడు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారంగా మలిచాడు. 1913లో ఒప్పావ్‌లో మొదటి అమ్మోనియా కర్మాగారం నడిచింది. దానికి 400 డిగ్రీలకు పైగా వేడి, వాతావరణ పీడనానికి వందల రెట్ల ఒత్తిడి, హైడ్రోజన్ కోసం సహజవాయువు కావాలి. ప్రపంచం వాడే ఇంధనంలో ఒకటి రెండు శాతం ఈ ఒక్క పనికే పోతుంది.

తెలంగాణలో ఈ పని రామగుండంలో జరుగుతుంది. 1980లో బొగ్గుతో మొదలైన పాత కర్మాగారం 1999లో మూతపడింది. సహజవాయువుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 3,850 టన్నుల యూరియా, ఏడాదికి 12.7 లక్షల టన్నులు దాని సామర్థ్యం. 2025 ఆగస్టులో అక్కడ యంత్రాలు ఆగాయి, అదే సమయంలో దిగుమతులు ఆలస్యమయ్యాయి. సొసైటీల ముందు వరుసలు అందుకే అంత పొడవు పెరిగాయి. దేశంలోని యూరియా కర్మాగారాలు కాల్చే వాయువులో అధికభాగం కూడా విదేశీదే. ఇక్కడ తయారైన బస్తా కూడా సగం ఓడ ఎక్కి వచ్చినట్టే.

> బస్తా లెక్క
> యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో ఉండేది సుమారు 21 కిలోలు.
> రైతు ఇచ్చే ధర రూ.266.50. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. తేడా కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ.
> హెక్టారు వరికి 120 కిలోల నత్రజని వేయాలంటే ఎకరానికి రెండు బస్తాలు దాటుతుంది.
> వేసిన నత్రజనిలో వరి పైరు తీసుకునేది సాధారణంగా 30 నుంచి 40 శాతం.

తీసుకోనిదంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కొంత అమ్మోనియాగా ఆవిరవుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 270 రెట్లు. మిగిలింది నైట్రేట్‌గా భూగర్భ జలంలోకి దిగుతుంది. దేశంలోని 440 జిల్లాల్లో బావుల నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని దాటిందని కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక చెప్పింది. తెలంగాణలో తీసిన నమూనాల్లో నాలుగో వంతుకు పైగా ఆ జాబితాలో ఉన్నాయి. ఆ నీళ్ళతో కలిపిన పాలు పసిబిడ్డలకు ప్రమాదం. బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలిరంగుకు తిరుగుతుంది. ఖాజాగూడ లాంటి నగర చెరువుల్లో గుర్రపుడెక్క అల్లుకోవడానికి మూలం యూరియా కాదు, ఇళ్ళ మురుగు. కానీ ఆ మొక్కను మేపేదీ అదే నత్రజని, దానితో పాటు భాస్వరం.

బుడిపె లోపల

కర్మాగారం వందల డిగ్రీల వేడిలో చేసే పనిని మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు మామూలు వేడిలోనే చేస్తాయి. వాటి దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. చిక్కుడు జాతి మొక్కల బుడిపెల్లో ఏదో జీవి ఈ పని చేస్తోందని జర్మనీలో హెల్‌రీగెల్ 1886లో ప్రకటించాడు. రెండేళ్ళకు డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ ఆ బాక్టీరియాను (రైజోబియం) వేరుచేశాడు. మొక్కతో దాని ఒప్పందం కౌలు లాంటిది: ఇల్లు, చక్కెర మొక్క ఇస్తుంది, నత్రజనిని బాక్టీరియా కొలుస్తుంది.

నైట్రోజినేజ్‌కు ఒక పెద్ద బలహీనత ఉంది. ప్రాణవాయువు తగిలితే అది చెడిపోతుంది. దానికి కారణం దాని వయసు. ఇలాంటి ఎంజైమ్ జాడలు 320 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో కనిపించాయి. అప్పటి గాలిలో ప్రాణవాయువు లేదు. ఖాజాగూడ గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. భూమి గాలిలో ప్రాణవాయువు పేరుకోవడం మొదలైంది ఆ రాళ్ళు గట్టిపడ్డ తరువాతే. అంటే ఈ గుట్టలు పుట్టేనాటికే పనిలో ఉన్న ఎంజైమ్, కొత్త గాలికి ఇంతవరకూ అలవాటుపడలేదు. అందుకే మొక్క దాన్ని బుడిపెలో దాచి, చుట్టూ లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థాన్ని ఉంచుతుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది చుట్టం. బాక్టీరియా ఊపిరికి కావలసినంత ప్రాణవాయువును అది కొలిచి ఇస్తుంది, ఎంజైమ్‌ను చెడగొట్టేంత చేరనివ్వదు. గిల్లిన బుడిపె ఎర్రగా ఉంటే పని సాగుతున్నట్టు. పచ్చగానో బూడిదరంగులోనో ఉంటే ఆగిపోయినట్టు. కంది చేలో ఒక మొక్క పీకి చూసే రైతుకు ఈ పరీక్ష చాలు.

ఖర్చు మాత్రం తక్కువేం కాదు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీ అణువులు పోతాయి. జీవకణాలన్నీ శక్తి కోసం ఖర్చుపెట్టే ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు.

ఇంత ఖర్చు భరించలేక కాబోలు, కొన్ని మొక్కలు ఈ విద్యను వదులుకున్నాయి. బతుకమ్మలో పేర్చే తంగేడు చిక్కుడు కుటుంబానిదే. గుట్ట మీద వెంపలి పక్కనే పూస్తుంది, కానీ దాని వేళ్ళకు బుడిపెలు ఉండవు. దాదాపు పదికోట్ల ఏళ్ళ క్రితం ఒక పూర్వీక మొక్కకు అబ్బిన ఈ గుణం, తరువాత అనేక శాఖల్లో మళ్ళీ మళ్ళీ పోయిందని 2018లో వచ్చిన జన్యు పరిశోధనలు చూపాయి. వరి, గోధుమ, మొక్కజొన్న ఆ వంశానివే కావు. వాటికి పోయింది తిరిగివ్వడం కుదరదు, కొత్తగా నేర్పాలి.

పటాన్‌చెరు పాఠాలు

ఖాజాగూడ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ముత్తంగి వైపు దిగితే పటాన్‌చెరు. అక్కడ 1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌లో మొదటి నుంచీ కంది, శనగల మీద, తరువాత వేరుశనగ మీద కూడా పని నడుస్తోంది. అక్కడి నల్లరేగడిలో, ఎర్రనేలల్లో శాస్త్రవేత్తలు తవ్వి చూసిన వేళ్ళకు లెక్కలేదు.

వాళ్ళ లెక్కల్లో తెలంగాణ రైతుకు బాగా పనికొచ్చేది ఒకటుంది. కంది వేసిన నేలలో మరుసటి కారు మొక్కజొన్న వేస్తే ఏం దక్కుతుందో జె.వి.డి.కె. కుమార్ రావు, పీటర్ డార్ట్ బృందం కొలిచి 1983లో ప్రచురించింది. కంది వదిలిపెట్టిన మేలు హెక్టారుకు 38 నుంచి 49 కిలోల నత్రజని వేసినంత అని తేలింది. ఎకరం లెక్కకు దించితే యూరియా బస్తాకు కొంచెం తక్కువ. వరుసలో నిలబడకుండా వచ్చే బస్తా అది.

అయితే ప్రతి పప్పుపంటా ఇలా ఇవ్వదు, ఈ విషయం ప్రచార కరపత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. కంది నేల మీద ఆకు బాగా రాలుస్తుంది, లోతుగా వేరు దించుతుంది. అందుకే నేలకు మిగులుతుంది. వేరుశనగను వేళ్ళతో సహా పీకి, కట్టెను పశువులకు వేస్తారు. అక్కడ చేసుకున్న నత్రజనిలో చాలావరకు గింజతో బజారుకు, మేతతో కొట్టానికి వెళ్ళిపోతుంది.

వేరుశనగ మీదే ఇక్రిశాట్ మరో సంగతి పట్టుకుంది. ఎన్‌సీ 92 అనే బాక్టీరియా రకాన్ని కదిరి 3 విత్తనానికి పట్టిస్తే కొన్ని పొలాల్లో దిగుబడి స్పష్టంగా పెరిగింది. ఇంకొన్నిచోట్ల తేడా లేదు. మట్టిలో అప్పటికే స్థిరపడ్డ బాక్టీరియా కొత్తదాన్ని వేరు దగ్గరికి రానివ్వదు. అది నత్రజని తక్కువిచ్చే రకమైనా పోటీలో గట్టిది. ప్రయోగశాలలో మంచిదనిపించుకున్న బాక్టీరియా పొలంలో నిలదొక్కుకోకపోవడం ఈ రంగాన్ని ఇప్పటికీ వదలని చిక్కు. నల్లరేగడిలో కందికి ఇంకో బెడద ఉంది. ఒక చిన్న ఈగ పిల్లపురుగులు బుడిపెల్లోకి దూరి లోపలిదంతా తినేసి డొల్ల చేస్తాయి. పైన మొక్క ఏపుగానే కనబడుతుంది. తవ్వితే తప్ప తెలియదు.

> విత్తనానికి రైజోబియం
> పంటకు తగిన రకం కావాలి. శనగకు పనిచేసే బాక్టీరియా కందికి పనిచేయదు.
> కొంచెం నీళ్ళలో బెల్లం మరిగించి చల్లార్చాలి. అందులో రైజోబియం కల్చర్ కలిపి, విత్తనానికి పలుచగా పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి.
> తెగులు మందు, పురుగు మందు ముందుగా పట్టించాలి. రైజోబియం చివరిది.
> ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణమున్న జీవులు. రేకుల షెడ్డులో మే నెల ఎండకు చచ్చిపోతాయి. గడువు తేదీ చూసి కొనాలి.
> యూరియా దండిగా పడ్డ నేలలో మొక్క బుడిపెలు పెట్టదు.

ఇక్రిశాట్‌లో కొంతకాలం పనిచేసి తరువాత జపాన్‌లోని జిర్కాస్ సంస్థకు వెళ్ళిన గుంటూరు వి. సుబ్బారావు ఈ సమస్యను మరో వైపు నుంచి చూశారు. నేలలోని నత్రజనిని నైట్రేట్‌గా మార్చి కొట్టుకుపోయేలా చేసే బాక్టీరియాను కొన్ని మొక్కలు తమ వేరుస్రావాలతోనే ఆపగలవు. జొన్న వేరు విడిచే సోర్గోలియోన్‌కు ఆ గుణం ఉంది. ఒక అడవి గడ్డి నుంచి ఈ లక్షణాన్ని గోధుమకు తెచ్చిన ఫలితాలను ఆయన బృందం 2021లో ప్రచురించింది. ఇది నత్రజని తయారుచేసుకోవడం కాదు, ఉన్నదాన్ని పోనివ్వకపోవడం. వేసిన బస్తాలో మూడింట రెండొంతులు పోయే చోట అదీ చిన్న విషయం కాదు.

వరి మడిలో పాత తోడు

వరికి సొంత బుడిపెలు లేకపోయినా వరి మడికి కొంత తోడు ఉంది. నిలిచిన నీళ్ళలో పెరిగే నీలిఆకుపచ్చ నాచు గాలి నత్రజనిని పట్టగలదని బెంగాల్‌కు చెందిన పి.కె. డే 1939లో నిరూపించాడు. నీటి మీద తేలే అజొల్లా ఆకుల్లో అలాంటి నాచే కాపురముంటుంది. తెలుగు పల్లెల్లో అజొల్లాను ఇప్పుడు టార్పాలిన్ గుంటల్లో పశువుల మేతకు పెంచుతున్నారు గానీ, దానికి పేరొచ్చింది వరి మడిలోనే.

జీలుగ, జనుము, పిల్లిపెసర పచ్చిరొట్ట పైర్లు. రోహిణి కార్తెలో చల్లి, పూతకు రాగానే దమ్ములో కలియదున్నితే వరికి నత్రజని చాలా భాగం అందుతుంది. జీలుగ, జనుము విత్తనాలను ప్రభుత్వం రాయితీపై ఇస్తోంది. అడ్డుపడేది నీరు, సమయం. కాలువ నీళ్ళు వచ్చేలోగా పచ్చిరొట్ట ఎదగాలంటే మే నెలలో ఒకటి రెండు తడులు కావాలి. బోరు లేని కౌలురైతుకు అది సాధ్యం కాదు. రేపటేడు ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు నేల కోసం పంట వేయడు కూడా.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో మాత్రం పాత పద్ధతి నిలిచే ఉంది. వరి కోతకు ముందు తడి నేలలోనే మినుము, పెసర చల్లుతారు. దుక్కి లేదు, ఎరువు లేదు. వరికి మిగిలిన తేమతోనే ఆ పంట పండుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కంది, అనుము, నువ్వు లాంటి పంటలను ఒకే చెలకలో కలిపి వేస్తాయి. అక్కడ ఆ పద్ధతికి సిద్ధాంతంతో పనిలేదు. ఇంట్లోకి అన్ని గింజలూ రావాలి, నేల చావకూడదు.

వరికి నేర్పగలమా?

ప్రయోగశాలల దారి మూడు పాయలుగా ఉంది. మొదటిది, బాక్టీరియాను మొక్క దగ్గరికి మరింతగా పిలవడం. అమెరికాలోని డేవిస్‌లో ఎడ్వర్డో బ్లూమ్‌వాల్డ్ బృందం క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో వరిలో, తరువాత గోధుమలో ఒక మార్పు చేసింది. మొక్క అపిజెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేసి వేళ్ళ ద్వారా విడుస్తుంది. దాంతో మట్టిలోని బాక్టీరియా చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. ఆ పొరలోకి ప్రాణవాయువు అంతగా చొరబడదు కాబట్టి నైట్రోజినేజ్ పనిచేస్తుంది. వరి ఫలితాలు 2022లో, గోధుమవి 2025లో వచ్చాయి.

ఇలాంటి జిగురును ప్రకృతి ముందే కనిపెట్టింది. మెక్సికోలోని సియెర్రా మిహే కొండల్లో అయిదు మీటర్ల దాకా పెరిగే ఒక నాటు మొక్కజొన్న ఉంది. దాని కాండం నుంచి వేలాడే గాలివేళ్ళు చిక్కటి జిగురు కారుస్తాయి. అందులోని బాక్టీరియా మొక్కకు కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా అందిస్తుందని 2018లో తేలింది. కొన్ని జొన్న రకాల్లోనూ ఇలాంటి గాలివేళ్ళు బయటపడ్డాయి. 40 వేలకు పైగా జొన్న నమూనాలు దాచిన ఇక్రిశాట్ జన్యు నిధి పటాన్‌చెరులోనే ఉంది కనుక, ఈ వార్త మనకు మెక్సికో కంటే దగ్గరిది.

రెండో పాయ, ధాన్యపు మొక్కకే బుడిపెలు తెప్పించడం. మొక్క వేరు మీద బాక్టీరియా వాలగానే అది శత్రువా, చుట్టమా అని పోల్చుకునే గ్రాహకాలు ఉంటాయి. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2025 చివర్లో ప్రచురించిన ఫలితం ఈ రంగాన్ని కుదిపింది. గ్రాహకంలో కేవలం రెండు అమైనో ఆమ్లాలు మారిస్తే తరిమికొట్టే స్పందన ఆహ్వానించే స్పందనగా మారింది. బార్లీ గ్రాహకంలోనూ ఆ మార్పు పనిచేసింది. తలుపు తెరవడం ఒక్కటే బుడిపెను కట్టదు, కానీ తలుపు ఇంత చిన్న గడియతో ఉందని ఎవరూ అనుకోలేదు.

మూడోది అన్నిటికంటే కష్టం. నైట్రోజినేజ్ జన్యువులనే మొక్క కణంలో పెట్టడం. ఆ ఎంజైమ్‌ను కూర్చడానికి ఎన్నో జన్యువులు సరైన పాళ్ళలో పలకాలి, ఆకు తానే విడిచే ప్రాణవాయువు నుంచి దాన్ని కాపాడాలి.

> సముద్రంలో దొరికిన ఆధారం
> నత్రజనిని పట్టే కణాంగం ఏ మొక్కలోనూ, జంతువులోనూ లేదని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 2024లో ఒక సముద్రపు శైవలంలో అలాంటిది దొరికింది. ఒకనాటి బాక్టీరియా ఆ కణంలో భాగమైపోయి, కణంతో పాటే విభజన చెందుతోంది. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు.

చట్టం ఏ తలుపు తెరుస్తుంది

ఈ పద్ధతుల్లో ఏది ముందుగా తెలుగు పొలానికి చేరుతుందో చాలావరకు చట్టం నిర్ణయిస్తుంది. బయటి జన్యువు చేర్చకుండా మొక్క సొంత జన్యువులోనే చిన్న సవరణలు చేసిన రకాలను 2022 మార్చి 30 నాటి కేంద్ర ఉత్తర్వు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. ఆ వెసులుబాటుతోనే రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబమసూరిని సవరించి, డీఆర్‌ఆర్ ధాన్ 100 (కమల) రకాన్ని తయారుచేసింది. కేంద్రం దాన్ని 2025 మే 4న ప్రకటించింది. అది గాలి నుంచి నత్రజని తెచ్చుకునే వరి కాదు. అయితే అపిజెనిన్ వరి లాంటిది ఇక్కడ తయారైతే నడవాల్సిన దారి అదే. బాక్టీరియా జన్యువులు చొప్పించిన వరి మాత్రం, జన్యుమార్పిడి పంట బీటీ వంకాయను కేంద్రం 2010లో నిలిపివేసిన గడప దగ్గరే ఆగుతుంది.

ఇవేవీ ఇంకా విత్తన సంచుల్లోకి రాలేదు. వచ్చినా బస్తా మొత్తాన్ని తప్పించవు, కొంత తగ్గిస్తాయి. వేళ్ళకు చక్కెర పంపిన మొక్కకు గింజలో ఎంత కోత పడుతుందో పెద్ద పొలాల్లో చూడాల్సి ఉంది.

వెనక్కి తగ్గిన కంది

ప్రయోగశాల పని సాగుతుండగా, చేతిలో ఉన్న పద్ధతి పొలాల నుంచి తప్పుకుంటోంది. ఐటీ రాకముందు హైదరాబాద్ పడమటి పల్లెల వ్యవసాయం చెరువు కింద వరి, మెట్టన జొన్న, కంది. ఇప్పుడు ఆ నేలల్లో ఉన్నవి మేడలు. చేవెళ్ళ, వికారాబాద్ దాటి వెళితే తాండూరు. అక్కడి కంది పప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాష్ట్రమంతటా చూస్తే మాత్రం గెలిచింది వరి. 2024 వానాకాలంలో తెలంగాణ 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేసింది.

దీన్ని రైతు తెలియనితనంగా చూడడం అన్యాయం. వరికి నీళ్ళున్నాయి, ఉచిత విద్యుత్తు ఉంది, ఊరి దగ్గరే కొనుగోలు కేంద్రం ఉంది, రూ.266.50కి యూరియా ఉంది. కందికి 2025-26లో క్వింటాలుకు మద్దతు ధర రూ.8,000, సాధారణ వరికి రూ.2,369. కాగితం మీద కంది మెరుగే. కానీ కందికి ఆరు నెలలు కావాలి, పూత మీద మబ్బు పడితే పచ్చపురుగు వాలుతుంది, అమ్మే వేళకు వ్యాపారి చెప్పిందే ధర. ఫలితంగా దేశం యూరియాను ఏడాదికి 50 లక్షల టన్నులకు పైగా దిగుమతి చేసుకుంటుంది, 2024-25లో పప్పుధాన్యాలను 70 లక్షల టన్నులకు పైగా తెచ్చుకుంది. మొజాంబిక్ కంది మన ఓడరేవుల్లో దిగుతుంటే, ఆ కంది ఇక్కడే పండి ఉంటే నేలకు మిగిల్చే నత్రజని కోసం మరో ఓడ ఎదురుచూడాల్సి వస్తోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం దీనికి ఒక జవాబు వెతికింది. తొలకరికి ముందే నేల మీద పప్పుజాతి, చిరుధాన్యాలు, నూనెగింజలు, కూరగాయలు కలిపిన విత్తనాలను చల్లి, నేలను ఏడాదంతా పచ్చగా ఉంచడం దాని మూలం. 2024లో గుల్బెంకియన్ పురస్కారం పొందిన ముగ్గురిలో ఇదీ ఒకటి. ఇందులో పేడ, గోమూత్రంతో డ్రమ్ములో కలిపి వాడే జీవామృతంలో ఉండే నత్రజని పైరుకు సరిపోదన్న విమర్శ నిజమే. ఈ పద్ధతిలో నత్రజని భారం మోసేది ఆ డ్రమ్ము కాదు, చల్లిన మిశ్రమంలోని పప్పు విత్తనాలు. రాత్రికి రాత్రి మారాలనుకుంటే ఏమవుతుందో శ్రీలంక చూపింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి, వరి, తేయాకు దిగుబడులు పడిపోవడంతో నెలల్లోనే వెనక్కి తీసుకుంది.

2025 అక్టోబరు 11న కేంద్రం రూ.11,440 కోట్లతో ఆరేళ్ళ పప్పుధాన్యాల స్వావలంబన మిషన్‌ను ప్రారంభించింది. కంది, మినుము, మసూరు పంటలను నమోదైన రైతుల నుంచి నాలుగేళ్ళు సహకార సంస్థలైన నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ కొంటాయన్న హామీ అందులో ఉంది. ఆ నమోదు పట్టాదారు పేరు మీదే జరిగితే కౌలుదారు బయటే మిగులుతాడు. రైజోబియం కల్చర్ ప్యాకెట్లు కూడా చల్లని గదిలో నిల్వ ఉండాలి, విత్తే వారానికి మండలానికి చేరాలి. పత్తిలో ఆరు సాళ్ళకు ఒక సాలు కంది వేసే అలవాటు ఆదిలాబాద్, వరంగల్ నల్లరేగళ్ళలో ఇంకా ఉంది. వరికి మారిన ఆయకట్టులో కందిని మొదలుపెట్టడం కంటే, ఆ సాలును రెండు సాళ్ళు చేయడం తేలిక.